జనవరిలో కొమొడో వద్దండీ: దీవుల పడవ ప్రయాణాల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో ఇండోనేషియా దీవుల మధ్య చెక్క పడవలో తిరిగొచ్చిన సంగతులు రాశాను కదా, దాని మీద చాలామంది ఉత్తరాలు, మెయిల్స్ పంపారు. అన్నిటికీ విడివిడిగా రాయలేను కాబట్టి ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా పెళ్లై 35 ఏళ్లు అవుతోంది. పిల్లలు జనవరి సెలవుల్లో కొమొడో దీవులకి 3 రోజుల పడవ ట్రిప్ బుక్ చేస్తామంటున్నారు. నాకు 61, మా ఆవిడకి 57, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మేం వెళ్లొచ్చా? (రిటైర్డ్ టీచర్, రాజమండ్రి)

మాస్టారూ, ముందు మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. తప్పకుండా వెళ్లండి, కానీ జనవరిలో మాత్రం వద్దు. పిల్లలకి ఆఫీసు సెలవులు అప్పుడే దొరుకుతాయని తెలుసు, అయినా ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి. డిసెంబర్ నుంచి మార్చి దాకా అక్కడ పడమటి గాలి, వానలు, జనవరి ఫిబ్రవరిల్లో సముద్రం బాగా రేగుతుంది, రేవు అధికారి పడవల్ని కదలనివ్వని రోజులు కూడా ఉంటాయి. అప్పుడు మీరు 3 రోజులూ లాబువాన్ బాజో ఊళ్లో హోటల్ గదిలో వాన చూస్తూ కూర్చోవాలి, అదొక్కటే అయితే నేనింత చెప్పను, పడవ యజమాని ఎలాగోలా బయల్దేరదామని తెగించే రోజే అసలు భయం. ఆ నీళ్లలో పడవలు మునిగి మనుషులు పోయిన సంఘటనలు ఉన్నాయండీ.

ఏప్రిల్ నుంచి నవంబర్ వరకు సీజన్. అందులో మే, జూన్, సెప్టెంబర్ నెలలు నాకు బాగా నచ్చినవి. జూలై ఆగస్టుల్లో జనం విపరీతం, దక్షిణం వైపు దీవుల దగ్గర గాలి కూడా జోరుగా ఉంటుంది. బాలి నుంచి ఫ్లోరెస్ దీవిలోని లాబువాన్ బాజోకి విమానంలో గంట ప్రయాణం, పడవలన్నీ అక్కణ్ణుంచే. ఇండోనేషియాకి మన పాస్‌పోర్ట్ మీద వీసా ఆన్ అరైవల్ ఇస్తున్నారు, 30 రోజులకి, ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఎయిర్‌పోర్టులో ఆ లైను తప్పుతుంది. పాస్‌పోర్ట్‌కి ఇంకా 6 నెలలు గడువు ఉండాలి.

ఇక మోకాళ్ల సంగతి. పాదార్ దీవి మీద మెట్లెక్కితే మూడు వంపులు మూడు రంగుల ఇసుకతో కనిపిస్తాయి, ఫొటోల్లో అందరూ పెట్టేది అదే, కానీ మెట్లు చాలా ఉంటాయి. మేడమ్ గారు సగం దాకా ఎక్కి ఆగినా చాలు, అక్కణ్ణుంచి కూడా సముద్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కొమొడో డ్రాగన్లని చూడ్డానికి రించా దీవి ఎంచుకోండి, అక్కడ నేలకి ఎత్తుగా నడవ దారి కట్టారు, నడవడం తేలిక. ఎక్కడైనా సరే రేంజర్ పక్కనే ఉండాలి, అవి 3 మీటర్ల దాకా పెరిగే బల్లులు, కాటులో విషం ఉంటుంది, కదలకుండా మొద్దులా పడుంటాయి గానీ లేచాయంటే మనం పరిగెత్తి తప్పించుకోలేం.

మోకాళ్లకి అసలు ఇబ్బంది దీవుల మీద కాదు, పెద్ద పడవ నుంచి చిన్న పడవలోకి దిగేటప్పుడు. రోజుకి నాలుగైదుసార్లు నిచ్చెన దిగాలి, ఎక్కాలి, అది కదులుతూనే ఉంటుంది. నిచ్చెనా, మెట్లా, పట్టుకోడానికి రెయిలింగ్ ఉందా, దీవి దగ్గర జెట్టీ మీద దిగుతామా లేక మోకాటిలోతు నీళ్లలో దూకాలా, ఇవన్నీ బుకింగ్‌కి ముందే అడిగి, ఫొటో పంపమనండి.

ఒక సాయంత్రం కాలాంగ్ దీవి దగ్గర లంగరు వేసే ప్లాన్ అయితే వదులుకోవద్దు. పొద్దు వాలాక మడ అడవుల్లోంచి గబ్బిలాలు వేలకి వేలు లేచి ఫ్లోరెస్ వైపు పండ్ల కోసం పోతాయి, ఆకాశం నల్లబడిపోతుంది, పడవలో ఒక్కరి నోటా మాట ఉండదు.

ప్రశ్న: మూడు పడవలు షార్ట్‌లిస్ట్ చేశాను, మూడింటికీ ఇన్‌స్టాలో తెరచాపలు విప్పిన ఫొటోలు సూపర్‌గా ఉన్నాయి, రేట్లు మాత్రం ఒకదానికి ఇంకోటి 5 రెట్లు. నిజంగా తెరచాపల మీదే నడుస్తాయా? ఎలా ఎంచుకోవాలి? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

నిజం చెప్పాలంటే తమ్ముడూ, ఎక్కువ పడవలు ఎక్కువసేపు ఇంజన్ మీదే నడుస్తాయి. గాలి సరిగ్గా పడినప్పుడు ఓ గంటో రెండు గంటలో తెరచాపలు విప్పుతారు. కొన్నిటికి చాపలు కట్టే నిలువు కొయ్యలు మాత్రమే ఉంటాయి, చాపలు ఫొటో రోజున కట్టినవే. నిజంగా గాలి మీద పోయే పడవలు కూడా ఉన్నాయి, తక్కువ. కాబట్టి "ఈ రూట్‌లో రోజుకి సగటున ఎన్ని గంటలు సెయిల్ మీద వెళ్తారు" అని సూటిగా అడుగు, తడబడితే నీకు జవాబు వచ్చినట్టే.

అయినా ఆ పడవల్ని తక్కువ చేయను. వాటిని పినిసి అంటారు, రెండు కొయ్యలు, ఏడు తెరచాపలు. దక్షిణ సులవేసిలో బులుకుంబ దగ్గర తానా బేరు, బీరా ఊళ్లలో కొంజో తెగ మేస్త్రులు సముద్రపు ఒడ్డునే ఇసుకలో వీటిని కడతారు, కాగితం మీద డ్రాయింగ్ ఉండదు, అంతా పెద్దల దగ్గర చూసి నేర్చుకున్న కొలతలే. మామూలుగా ముందు లోపలి పక్కటెముకలు నిలబెట్టి తర్వాత పలకలు కొడతారు కదా, వీళ్లు తిరగేసి, ముందు బయటి పలకల్ని చెక్క చీలలతో ఒకదానికొకటి బిగించి, ఆ తర్వాతే లోపల పక్కటెముకలు పెడతారు. అడుగు దూలం వేసే రోజున పూజలాంటిది చేసి, ముందు కొస ముక్క కోసి సముద్రంలో వేస్తారు, వెనక కొస ముక్క ఇంటికి పట్టుకెళ్తారు. 2017లో యునెస్కో ఈ పడవ కట్టే విద్యని మానవాళి వారసత్వం జాబితాలో చేర్చింది. మన కోరంగి, తాళ్ళరేవు వైపు చెక్క ఓడలు కట్టే మేస్త్రుల్ని చూసినవాళ్లకి ఆ ఒడ్డున నిలబడితే కాళ్లు కదలవు, నాకు కదల్లేదు.

ఇంకో ముచ్చట, పినిసి తెరచాపని పైకి లాగరు, పైన వాసం ఎప్పుడూ అలాగే ఉంటుంది, చాపని దాని వెంట కర్టెన్ జరిపినట్టు జరుపుతారు. అది విప్పేటప్పుడు డెక్ మీద ఉండు, ఫోన్ జేబులో పెట్టి నువ్వూ ఓ చెయ్యి వెయ్యి, అడిగితే తాడు లాగనిస్తారు.

ఎంచుకోడానికి మాత్రం ఇవేవీ కొలత కాదు. మొదటిది లైఫ్ జాకెట్లు, మనిషికి ఒకటి, చేతికి అందే చోట. నేను ఒకసారి ఎక్కిన పడవలో రాత్రి లంగరు జారి పడవ దిబ్బ వైపు కొట్టుకుపోతుంటే లేచి జాకెట్ల కోసం చూశాం, అవి కింద గదిలో తాళం వేసి ఉన్నాయి, తాళం చెవి ఉన్న కుర్రాడు పై డెక్ మీద నిద్రపోతున్నాడు. ఆ రాత్రి సరంగు తెలివి వల్ల ఏమీ కాలేదు గానీ, అప్పట్నుంచి నేను పడవ ఎక్కగానే చేసే మొదటి పని జాకెట్ తీసి నా మంచం పక్కన పెట్టుకోవడం. రెండోది రాత్రి కాపలా, అందరూ నిద్రపోయాక ఒకరు మెలకువగా ఉంటారా. మూడోది రేడియో, లైఫ్ రాఫ్ట్, మంటలార్పే సిలిండర్లు. నాలుగోది, కింద గదుల్లోంచి బయటికి రెండో దారి ఉందా, చెక్క పడవలో మంట లేస్తే అదే ప్రాణం. ఇవి అడిగితే విసుక్కునే కంపెనీ వద్దు.

రేటు సంగతికొస్తే, కొమొడోలో గది షేర్ చేసుకునే 3 రోజుల ట్రిప్ మనిషికి 15, 20 వేల రూపాయల దగ్గర మొదలై లక్షల్లోకి పోతుంది. మరీ చవకదీ వద్దు, మరీ ఖరీదైంది అవసరమూ లేదు.

ప్రశ్న: మేం శాకాహారులం, నాకు బస్సులోనే వాంతులవుతాయి, ఈత రాదు. మా అమ్మాయి మాత్రం అమ్మా నువ్వు రావాల్సిందే అంటోంది. (గృహిణి, గుంటూరు)

అమ్మా, అమ్మాయి మాట వినండి, వెళ్లండి.

వాంతులకి చాలామంది చేసే తప్పు ఏంటంటే, తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకుంటారు, అప్పటికి లాభం లేదు. పడవ కదలడానికి గంట ముందే వేసుకోవాలి, ఏ మాత్ర అనేది మీ డాక్టర్‌ని అడిగి వెళ్లండి, ముఖ్యంగా బీపీ మందులు అవీ వాడుతుంటే. గది తీసుకునేటప్పుడు పడవ మధ్యలో, కింది వరసలో అడగండి, ముందు కొసన గదులు అందంగా ఉంటాయి కానీ ఎగిరి పడేది అక్కడే. లోపల పడుకుని ఫోన్ చూడొద్దు, డెక్ మీద కూర్చుని దూరంగా సముద్రం ఆకాశం కలిసే గీతనే చూస్తూ ఉండండి, ఖాళీ కడుపుతో ఉండొద్దు, కొంచెం అల్లం మురబ్బా దగ్గర పెట్టుకోండి. రెండో రోజుకి ఒళ్లు అలవాటు పడిపోతుంది, చాలామందికి ఇంతే.

తిండికి మరీ భయపడక్కర్లేదు. వాళ్లూ మనలాగే మూడు పూటలా అన్నం తినేవాళ్లే. సోయా గింజల్ని పులియబెట్టి అచ్చులా చేసే తెంపే, తాహు అనే సోయా పనీరు, ఉడికించిన కూరగాయల మీద వేరుశనగ పచ్చడి పోసే గాదో గాదో, ఇవన్నీ మీకు నచ్చుతాయి. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే, తెరాసి. అంటే ఎండు రొయ్యల ముద్ద, మనం ఇంగువ వేసినట్టు వాళ్లు సంబల్ అనే మిరప పచ్చడిలో, కూరల్లో వేసేస్తారు, చూడ్డానికి తెలీదు, గాదో గాదో పచ్చడిలో కూడా ఉండొచ్చు. వంట కుర్రాడికి మొదటి రోజే "తన్పా తెరాసి" అని చెప్పండి, తెరాసి లేకుండా అని అర్థం. బుకింగ్‌లో వెజిటేరియన్ అని టిక్ పెట్టి ఊరుకుంటే చేపలు వడ్డించిన సందర్భాలు ఉన్నాయి, అందుకే చేప, రొయ్య, మాంసం, గుడ్డు, వీటిల్లో ఏవేవి తినరో పేరు పేరునా రాసి పంపండి. పప్పుల పొడి, గోంగూర పచ్చడి సీసా ఎలాగూ తీసుకెళ్తారు, పడవ వాళ్లకి కూడా రుచి చూపించండి, నేను తీసుకెళ్లిన పండుమిర్చి పచ్చడి సీసా నాకు మళ్లీ కనపడలేదు.

ఈత రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకుని, మాస్క్ పెట్టుకుని, పక్కన గైడ్ ఉంటే పగడాలు చూడొచ్చు. కానీ కొమొడోలో ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. అటు ఫ్లోరెస్ సముద్రం, ఇటు హిందూ మహాసముద్రం, మధ్యలో ఇరుకు సందుల్లోంచి పోటు పాటులకి నీళ్లు నదిలా ఉరుకుతాయి. ఈతగాళ్లని కూడా లాక్కుపోతుంది. గైడ్ దిగమన్నప్పుడు, దిగమన్న చోటే, చిన్న పడవ వెంట ఉన్నప్పుడే దిగండి. పగడం మీద కాలు పెట్టొద్దు, అది రాయి కాదు, ప్రాణం ఉన్నది. సన్‌స్క్రీన్ పూసుకునే బదులు పూర్తి చేతుల స్విమ్ డ్రెస్ వేసుకుంటే మీ ఒంటికీ దానికీ మంచిది.

ప్రశ్న: మాది బందరు. మా బందరుకోటలో డచ్ వాళ్ల సమాధులు ఉన్నాయి. జాజికాయ పుట్టిన బాండా దీవుల్ని కూడా డచ్ వాళ్లే పాలించారని చదివాను. రెంటికీ ఏమైనా సంబంధం ఉందా? అక్కడికి వెళ్లడం ఎలా? (డిగ్రీ లెక్చరర్, మచిలీపట్నం)

మీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసిందండీ, ఎందుకంటే నేను బాండా వెళ్లింది ఈ సంబంధం కోసమే.

సంబంధం ఉంది, సూటిగా ఉంది. 1600ల మొదట్లో డచ్ కంపెనీ వాళ్లు మసాలాల కోసం తూర్పు దీవులకి పోతే, ఆ దీవుల వాళ్లకి కావాల్సింది ఒట్టి వెండి కాదు, బట్ట. ఏ బట్ట అంటే మన కోరమాండల్ తీరం బట్ట, చిరివేరు ఎరుపు దిగిన అద్దకాలు. అందుకే డచ్ వాళ్లు మచిలీపట్నంలో, పక్కన నిజాంపట్నంలో దుకాణం పెట్టారు, ఇక్కడ బట్ట కొని ఓడలకెత్తి అక్కడ జాజికాయకి, జాపత్రికి, లవంగానికి మార్చుకున్నారు. మీ ఊరి చుట్టుపక్కల నేతగాళ్ల చేతి పని ఆ దీవుల్లో డబ్బులా చెల్లిందన్నమాట.

మాట కూడా ఒకటే చూడండి. బందరు అంటే రేవు, పారసీకం నుంచి వచ్చిన మాట. ఇండోనేషియాలో విమానాశ్రయాన్ని ఇప్పటికీ బందర్ ఉదారా అంటారు, గాలి రేవు. పైన మాస్టారి జవాబులో పడవల్ని ఆపేసే రేవు అధికారి అన్నాను కదా, ఆయన్ని శ్యాహ్‌బందర్ అంటారు. గోల్కొండ సుల్తానుల కాలంలో మీ ఊరి రేవు మీద ఉన్న అధికారి పేరు కూడా షాబందరే. లాబువాన్ బాజోలో ఆ బోర్డు చూసి నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను.

బాండా తూర్పు ఇండోనేషియాలో చిన్న దీవుల గుంపు, పటంలో చుక్కలు. 18వ శతాబ్దం చివరిదాకా లోకంలో వాడిన జాజికాయ దాదాపు అంతా అక్కడిదే. చెట్టు మీద కాయ పచ్చగా పసుపుగా చిన్న పండులా ఉంటుంది, పండి పగిలితే లోపల నల్లటి గింజ, దాని చుట్టూ నెత్తుటి ఎరుపులో వల, ఆ వలే జాపత్రి, లోపలి గింజే జాజికాయ. బిర్యానీలో వేసేవి రెండూ ఒకే పండులోవని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. పై తోలు కండ కూడా పారేయరు, పంచదారలో వేసి మురబ్బా చేస్తారు.

దాని కోసం జరిగింది మాత్రం ఘోరం. 1621లో డచ్ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌స్జూన్ కూన్ సైన్యంతో దిగి ఆ దీవుల్ని తుడిచిపెట్టాడు. సుమారు 15 వేల మందిలో వెయ్యి మంది దాకా మిగిలారని చరిత్రకారుల అంచనా, మిగతావాళ్లు చంపబడ్డారు, ఆకలికి పోయారు, బానిసలుగా తరలించబడ్డారు, పారిపోయారు. 44 మంది ఊరి పెద్దల్ని నరికించాడు, బాండాలో ముఖ్యమైన నైరా ఊళ్లో ఒక బావి దగ్గర వాళ్ల గుర్తు ఉంది. టూర్‌లో బెల్జికా కోట చూపించి ఫొటోలు దిగమంటారు, దిగండి, కానీ ఆ బావి దగ్గరికి కూడా తీసుకెళ్లమని మీరే అడగండి. ఆ గుంపులోనే రున్ అనే దీవి, పొడవు 3 కిలోమీటర్లు, దాని మీద పట్టు ఇంగ్లీషు వాళ్లు 1667 బ్రెడా ఒప్పందంలో వదులుకున్నారు, డచ్ వాళ్లు అమెరికాలో మన్‌హాటన్ వదులుకున్నారు. ఇప్పుడు రున్‌లో దిగితే జాజి చెట్లు, వాటికి నీడనిచ్చే పెద్ద కెనారి చెట్లు, ఇంటి ముందు చాపల మీద ఎండబెట్టిన జాపత్రి, అంతే. తర్వాత అదే డచ్ వాళ్లు ఇండోనేషియా స్వాతంత్ర్య నాయకులు హత్తా, షాహ్రిర్‌లని 1936 నుంచి 1942 దాకా బాండాలోనే ప్రవాసం ఉంచారు, ఆ ఇళ్లు చూడొచ్చు.

ఎదురుగా గునుంగ్ ఆపి, అగ్నిపర్వతం, 1988లో పేలింది. లావా సముద్రంలోకి దిగిన చోట పగడాలు పదేళ్ల లోపే మళ్లీ దట్టంగా పెరిగి సైంటిస్టుల్నే ఆశ్చర్యపరిచాయి. స్నార్కెల్‌తోనే కనిపిస్తాయి.

వెళ్లడానికి, మలుకు దీవుల్లో పెద్ద ఊరు అంబాన్ నుంచి చిన్న విమానం, ప్రభుత్వ ఓడలు ఉన్నాయి కానీ నమ్మకంగా టైముకి దొరకవు, చేతిలో అదనంగా రోజులు ఉంచుకోవాలి. చిన్న పడవల్లో వెళ్లే దారి ఏంటంటే, కొన్ని పినిసిలు వానల్లేని నెలల్లో కొమొడోలో తిరిగి, అక్కడ సీజన్ చివరికొచ్చే సెప్టెంబర్, అక్టోబర్‌లో బాండా సముద్రం మీదుగా పాపువా వైపున్న రాజా అంపత్ దీవులకి పోతాయి, మళ్లీ ఏప్రిల్ ప్రాంతంలో తిరిగొస్తాయి. పాత వర్తకుల్లాగే గాలి మారినప్పుడు ఇవీ మారతాయి. ఆ మారే ప్రయాణాల్లో 10, 12 రోజుల ట్రిప్పులు అమ్ముతారు, అదే మీకు కావాల్సింది. రాత్రంతా చుట్టూ ఒడ్డు కనపడని సముద్రం, కాబట్టి పైన చెప్పిన జాగ్రత్తలు ఇక్కడ రెట్టింపు. వెళ్లేటప్పుడు మీ దగ్గర్లోని పెడన కలంకారీ గుడ్డ ఒకటి పట్టుకెళ్లండి, నైరాలో ఎవరింట్లోనైనా ఇచ్చి ఇది ఏ ఊరిదో చెప్పండి.

ప్రశ్న: పిల్లలు 9, 12 ఏళ్లు. రాజా అంపత్ తీసుకెళ్లాలని ఉంది, వేసవి సెలవుల్లో కుదురుతుందా? (డల్లాస్ నుంచి ఒక తల్లి)

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ దక్షిణపు గాలి, ఎక్కువ పడవలు వెళ్లవు, సీజన్ అక్టోబర్ నుంచి ఏప్రిల్. మీ వేసవి సెలవులైతే కొమొడోయే సరి. రాజా అంపత్‌కి క్రిస్మస్ సెలవులు చూడండి, సొరాంగ్ దాకా విమానం, అక్కణ్ణుంచి వారం పైన పడవ, మనిషికి 2 లక్షల రూపాయలు ఈజీగా దాటుతుంది. లోకంలో తెలిసిన పగడాల రకాల్లో దాదాపు ముప్పావు వంతు అక్కడ ఉన్నాయి, పిల్లలు ఈత బాగా నేర్చుకున్నాకే వెళ్లండి.

పెద్ద క్రూయిజ్ ఎక్కుదామా అని కూడా అడిగారు. 2017 మార్చిలో అక్కడ క్రి దీవి దగ్గర 90 మీటర్ల క్రూయిజ్ ఓడ ఒకటి పగడపు దిబ్బ మీదికి ఎక్కేసి వేల చదరపు మీటర్లు నాశనం చేసింది. చిన్న పడవలూ దిబ్బ మీద లంగరు వేస్తే పాపమే, పడవలు కట్టేయడానికి నీళ్లలో తేలేలా ఉంచిన మూరింగ్ బోయ్‌కి కడతారా, ఇసుకలో వేస్తారా అడగండి. ఆ ఊళ్లలో సాసి అని ఒక ఆచారం ఉంది, ఫలానా చోట ఫలానా నెలలు చేపలు పట్టకూడదని ఊరే కట్టుబడుతుంది, గుర్తుగా కొమ్మలు పాతుతారు. పిల్లలకి అది చూపించండి, వివరం ఊరి పెద్దనే అడగండి, సంతోషంగా చెప్తారు.

ప్రశ్న: సార్, నాకు టూరిస్టుగా కాదు, తెరచాప పడవ నేనే నడపాలని ఉంది. ఇంట్లో ఆడపిల్లకి ఇదేం పిచ్చి అంటున్నారు. (డిగ్రీ సెకండియర్ విద్యార్థిని, విశాఖపట్నం)

అమ్మా, మీ ఊరి అమ్మాయే చేసి చూపించింది. 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి, 55 అడుగుల తెరచాప పడవ తారిణి మీద నేవీ ఆఫీసర్లు ఆరుగురు ఆడవాళ్లు భూమి చుట్టూ తిరిగి 2018 మే 21న గోవా చేరారు. 254 రోజులు, సుమారు 21,600 నాటికల్ మైళ్లు, దారిలో దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ కూడా దాటారు. వాళ్లలో పి. స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్. ఇది ఇంట్లో వాళ్లకి చదివి వినిపించు, వాళ్ల భయం తప్పు కాదు, సముద్రం అంటే ఎవరికైనా భయమే, కానీ పిచ్చి అనే మాట మాత్రం వెనక్కి తీసుకోవాలి.

నేర్చుకోడానికి నీకు దగ్గరి దారి ఎన్‌సీసీ నేవల్ వింగ్, అందులో సెయిలింగ్ ఉంటుంది, ఖర్చు లేదు. హైదరాబాద్‌లో ఎవరైనా బంధువులుంటే సెలవుల్లో హుస్సేన్ సాగర్ మీద యాట్ క్లబ్‌లో నేర్చుకోవచ్చు, అక్కడ పేదింటి పిల్లలు కూడా నేర్చుకుని జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు. డింగీ అనే చిన్న తెరచాప పడవ మీద గాలి పట్టుకోవడం వచ్చిందంటే పెద్ద పడవ కష్టం కాదు, చుక్కాని, చాప, గాలి, సూత్రం అంతటా అదే. ఈత రాకపోతే అన్నిటికన్నా ముందు ఈత. మీ కాలేజీలో నేవల్ వింగ్ ఉందో లేదో రేపే వెళ్లి అడుగు, లేకపోతే పక్క కాలేజీలో అడుగు, ఏం చెప్పారో నాకు రాయి.